విద్యాలయంలో మాట ఎవరిది?

ఇటీవల ఒక చిన్న పట్టణంలోని మద్రసా వారు మమ్మల్ని ఒక తగవు తీర్చడానికి పిలిచారు. బక్రీద్ మూడు రోజులూ, వాటికి ముందూ వెనుకా మరికొన్ని రోజులూ పిల్లలను ఊరూరా పంపి ఖుర్బానీ తోళ్లు సేకరించడం అక్కడ ఎప్పటినుండో ఉన్న ఆనవాయితీ. ఆలిమ్ కోర్సు చెప్పే ఒక ఉస్తాద్ ఈసారి అడ్డు చెప్పారు. ప్రతి ఏటా పాఠం సగంలో తెగిపోతోందనీ, కితాబు పూర్తి కాకుండానే పరీక్షలు వచ్చేస్తున్నాయనీ, తన తరగతి పిల్లలను పంపేది లేదనీ ఆయన అన్నారు. కమిటీ సదర్ సాబ్‌కు అది అవమానంగా తోచింది. నెలాఖరుకు లెక్క చూసుకుని వెళ్లిపొమ్మని కబురు పంపారు.

అస్ర్ నమాజు తర్వాత మస్జిదు వరండాలో కూర్చున్నాం. సదర్ సాబ్ చెడ్డ మనిషి కారు. బట్టల వ్యాపారి. చాలా ఏళ్లుగా మద్రసా నుండి ఒక్క పైసా తీసుకోలేదు సరికదా, నెలాఖరులో లోటు పడినప్పుడు తన గల్లాపెట్టె నుండి తెచ్చి పెట్టినవారు. “హజ్రత్! తోళ్ల ధర పడిపోయిన ఈ రోజుల్లో అవి కూడా రాకపోతే వంటశాలలో పొయ్యి వెలగదు. పొయ్యి వెలిగించేవాడికి మాట ఉండదా?” అని అడిగారు. ఉస్తాద్ కూడా మొండివారు కారు. “కిరాణా లెక్క మీది, కితాబు లెక్క నాది. మీ లెక్కలో నేను వేలు పెట్టడం లేదు కదా! నా తరగతిలోకి మీరెందుకు రావాలి?” అన్నారు. రెండు గంటలు గడిచాయి. ఎవరి మాట వింటే వారిదే న్యాయం అనిపించింది. మగ్రిబ్ అజాన్ అయ్యింది. ఫజ్ర్ తర్వాత మళ్లీ కూర్చుందామని లేచాము.

ఆ రెండు గంటలూ గోడకు అవతల పిల్లలు సబఖ్ వల్లె వేస్తున్న శబ్దం వినిపిస్తూనే ఉంది. తోళ్లు మోసేది వాళ్లు. పాఠం పోగొట్టుకునేదీ వాళ్లే. వాళ్లలో ఒక్కరినైనా పిలిచి అడుగుదామని సదర్ సాబ్‌కు తోచలేదు, ఉస్తాద్‌కూ తోచలేదు. నిజం చెప్పాలంటే మాకూ తోచలేదు. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఇక నిద్ర పట్టలేదు.

ప్రియ పాఠకులారా! ఇది ఆ ఒక్క మద్రసా విషయం కాదు. మన వాడల్లో సాయంత్రం పూట నడిచే మక్తబులోనూ, మన సోదరులు నడుపుతున్న ఇంగ్లీషు మీడియం స్కూళ్లలోనూ ఇదే ప్రశ్న ఏదో ఒక రోజు తలెత్తుతుంది. డబ్బు సమకూర్చేవారు ఒకరు, చదువు చెప్పేవారు మరొకరు, చదువుకునేవారు ఇంకొకరు. మాట ఎవరిది?

అధికారం కాదు, అమానతు

ఇస్లామ్ ఈ ప్రశ్నను ఇలా అడగదు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ సూరె నిసాలో (58వ ఆయతు) ఆదేశించాడు. ప్రజల మధ్య తీర్పు చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పమని కూడా అదే ఆయతులో ఉంది. అంటే పదవి మన సొత్తు కాదు, మన చేతిలో ఉంచబడిన ఇతరుల సొమ్ము. దైవప్రవక్త (సఅసం) మనలో ప్రతి ఒక్కరినీ కాపరితో పోల్చారు. ప్రతి కాపరినీ తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. కాని అందులో పాలకుడు, ఇంటి యజమాని, ఇల్లాలు మాత్రమే కాదు, యజమాని సొమ్ము చూసే సేవకుడు కూడా కాపరేనని ఉన్న సంగతి మనం అంతగా పట్టించుకోము. సేవకుడికీ ఒక మంద ఉంది. పూర్తి మంద ఒక్కడి చేతిలో పెట్టబడలేదు.

కనుక సదర్ సాబ్ చందాకు కాపరి, ఉస్తాద్ పాఠానికి కాపరి అని చెప్పి ఊరుకోవచ్చు. చాలామంది అలాగే అనుకుంటారు. ఎవరి హద్దు వారిది, ఎవరి పని వారిది, గొడవ ఉండదు అనుకుంటారు. ఆ రాత్రి మేము కూడా మొదట అక్కడికే వచ్చి ఆగాము. అయితే మా చిన్ననాటి సంఘటన ఒకటి మమ్మల్ని అక్కడ ఆగనివ్వలేదు.

మేము ఆలిమ్ కోర్సు మూడో ఏట ఉన్నప్పటి సంగతి. ఆ మద్రసా పేరు చెప్పడం మాకు ఇష్టం లేదు. అక్కడి ఉప్పు తిన్నాము, అక్కడే అక్షరం నేర్చుకున్నాము. ఆ ఏడాది వర్షాకాలమంతా పప్పులో పురుగులు వచ్చాయి. మాతో ఒకే గదిలో ఉండే మిత్రుడు ఒకడు ఒక దరఖాస్తు రాశాడు. ఎంతో మర్యాదగా, బిస్మిల్లాహ్‌తో మొదలుపెట్టి, నాజిమ్ సాబ్‌ను దుఆ కోరుతూ ముగించాడు. పదకొండు మందిమి సంతకాలు పెట్టాము. మర్నాడు ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. మా వంతు వచ్చినప్పుడు చదవకుండా సంతకం పెట్టామని చెప్పాము. అది అబద్ధం. మేము చదివాము, ఒకటి రెండు తప్పులు దిద్దాము కూడా. ఆ రాత్రే ఆ మిత్రుడిని ట్రంకు పెట్టెతో సహా బస్సెక్కించారు. అతడు మళ్లీ ఏ మద్రసాలోనూ చేరలేదు. ఇప్పుడు వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. కనిపిస్తే ముందుగా తనే సలాం చేస్తాడు, మమ్మల్ని “మౌలానా సాబ్” అని పిలుస్తాడు. అలా పిలిచిన ప్రతిసారీ మాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఆ రోజు ఎవరు హద్దు దాటారు? ఆలోచిస్తే ఎవరూ దాటలేదు. క్రమశిక్షణ నాజిమ్ సాబ్ పని, ఆయన తన పని చేశారు. మా ఉస్తాద్‌కు ఆ పిల్లవాడంటే ఎంతో ఇష్టం, కాని వంటశాల ఆయన పరిధిలోనిది కాదు, పైగా ఆయన జీతం నాజిమ్ సాబ్ చేతిలో ఉంది. కమిటీ వారు నెలకు ఒకసారి వచ్చి లెక్కలు చూసుకుని వెళ్లేవారు, పిల్లల విషయం నాజిమ్ గారిదే అనేవారు. ముగ్గురూ తమ తమ హద్దుల్లోనే ఉన్నారు. ఆ ముగ్గురి హద్దుల మధ్య ఉన్న సందులో ఒక పిల్లవాడు జారిపోయాడు. అధికారాన్ని పంచుకోవడం అంటే ముక్కలు చేసి ఎవరి ముక్క వారు పట్టుకుని కూర్చోవడం కాదని మాకు అర్థమైంది అప్పుడే. అర్థమైంది అన్నామే గాని, అప్పుడు అర్థం కాలేదు. ఇరవై ఏళ్లు పట్టింది.

షూరా అంటే అడగడం

మరి పంచుకోవడం అంటే ఏమిటి? ఖుర్ఆన్‌లో ఒక సూరాకు షూరా (సంప్రదింపు) అనే పేరే ఉంది. ఆ సూరా 38వ ఆయతు విశ్వాసుల లక్షణాలు చెబుతూ, నమాజు స్థాపించడానికీ, అల్లాహ్ ఇచ్చిన దానిలోంచి ఖర్చు చేయడానికీ మధ్యన పరస్పర సంప్రదింపును ప్రస్తావించింది. నమాజు మన మద్రసాలలో ఉంది, ఖర్చు కూడా ఉంది. మధ్యలోది ఏమైంది?

ఇంతకంటే ఆలోచించవలసింది సూరె ఆలి ఇమ్రాన్ 159వ ఆయతు. అందులో అల్లాహ్ తన ప్రవక్తను (సఅసం) సహచరులతో సంప్రదించమని ఆదేశించాడు. ఆ ఆయతు అవతరించిన సందర్భం చూడండి. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (సఅసం) మొగ్గు మదీనాలోనే ఉండి శత్రువును ఎదుర్కోవాలనే వైపు ఉంది. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దొరకని వారు, వారిలో ఎక్కువమంది యువకులు, బయటికి వెళ్లి పోరాడదామని పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించారు. ఆ తర్వాత జరిగిన నష్టం మనందరికీ తెలుసు. డెబ్బై మంది సహాబాలు అమరులయ్యారు. మనమైతే ఏమంటాం? ‘చిన్నవాళ్ల మాట వింటే ఇలాగే ఉంటుంది, ఇక మీదట ఎవరినీ అడగనక్కర్లేదు’ అంటాం. కాని అల్లాహ్ ఆ ఓటమి తర్వాతే వారిని మన్నించమనీ, వారి కోసం క్షమాపణ వేడమనీ, వారితో సంప్రదించమనీ ఆదేశించాడు. అడిగితే మంచి సలహా దొరుకుతుందని మాత్రమే అడగడం కాదు. అడగడం వారి హక్కు. ఫలితం ఒకసారి చేదుగా వచ్చినంత మాత్రాన ఆ హక్కు రద్దు కాదు.

హిందుస్తాన్‌లో ఈ షూరాను విద్యాలయానికి వర్తింపజేసిన గొప్ప ప్రయత్నం దేవ్‌బంద్‌లో జరిగింది. 1866 మే 30న ఛత్తా మస్జిదులో ఒక దానిమ్మ చెట్టు కింద, ఒక ఉస్తాద్, ఒక విద్యార్థితో దారుల్ ఉలూమ్ మొదలైంది. ఉస్తాద్ పేరు ముల్లా మహమూద్, విద్యార్థి పేరు మహమూద్ హసన్. ఆ విద్యార్థే తర్వాత అక్కడ ప్రధానోపాధ్యాయుడై షైఖుల్ హింద్‌గా ప్రసిద్ధికెక్కారు. అంతకుముందు మద్రసాలకు నవాబులో, జాగీర్లో, వక్ఫు భూములో ఆధారంగా ఉండేవి. 1857 తర్వాత ఆ ఆధారాలు చాలావరకు పోయాయి. సామాన్య ముస్లిముల చిన్న చిన్న చందాలతో మద్రసా నడపాలన్న ఆలోచన కొత్తది. దానితోపాటు కొత్త ప్రశ్న కూడా వచ్చింది. వేలమంది పిడికెడు పిడికెడు ఇస్తే, మాట ఎవరిది?

మౌలానా ఖాసిమ్ నానౌతవీ (రహ్మలై) దీనికోసం ఎనిమిది సూత్రాలు రాసిపెట్టారు. ఉసూలె హష్త్‌గానా అంటారు. వాటిలో మూడవది మన కమిటీల వారందరూ గోడకు తగిలించుకోవలసినది. సలహాదారులు తమ అభిప్రాయం మీద మొండిపట్టు పట్టకూడదు. చెప్పడానికి సంకోచించకూడదు, వినేవారు మంచి మనసుతో వినాలి. ఎదుటివారి మాట బాగుందనిపిస్తే అది తమకు వ్యతిరేకమైనా ఒప్పుకోవాలి. ముహ్తమిమ్ (నిర్వాహకుడు) ముఖ్యమైన విషయాల్లో తప్పక సంప్రదించాలి. శాశ్వత సభ్యులనే కాదు, ఇల్ము ఉండి మద్రసా మేలు కోరే అతిథి ఎవరైనా వస్తే వారిని కూడా అడగవచ్చు. కొందరిని అడిగి, నన్ను అడగలేదేమని ఎవరూ అలగకూడదు. కాని అసలు ఎవరినీ అడగకపోతే మాత్రం అభ్యంతరం చెప్పవచ్చు. ఎంత మనుషుల మనసెరిగిన మాట! అలిగే వాళ్ల గురించి రాసినచోట మాకు మా ఊరి కమిటీ సభ్యులు కళ్ల ముందు కనిపిస్తారు. ఆరవ సూత్రంలో ఆయన మరొకటి అన్నారు. జాగీరో, కర్మాగారమో, వ్యాపారమో, ఏ శ్రీమంతుడి వాగ్దానమో స్థిరమైన ఆదాయంగా దొరికితే అల్లాహ్ మీద భయమూ ఆశా పోయి, లోపల తగవులు మొదలవుతాయని.

అయినా సూత్రం రాసినంత మాత్రాన సరిపోదని దేవ్‌బంద్ చరిత్రే చెబుతుంది. మనవాళ్లు ఈ విషయాలు మాట్లాడటానికి ఇష్టపడరు. దాచడం వల్ల లాభం లేదని మా అభిప్రాయం. 1927లో నిర్వాహకులతో విభేదాలు వచ్చి అల్లామా అన్వర్ షా కశ్మీరీ (రహ్మలై) అంతటి ఉస్తాద్ దేవ్‌బంద్ వదిలి గుజరాత్‌లోని డాభేల్‌కు వెళ్లిపోయారు. 1980 శతాబ్ది ఉత్సవాల తర్వాత, యాభై ఏళ్లకు పైగా ముహ్తమిమ్‌గా ఉన్న ఖారీ ముహమ్మద్ తయ్యిబ్ (రహ్మలై) పరిపాలనకూ, షూరాకూ మధ్య తీవ్రమైన వివాదం చెలరేగింది. షూరా తీర్మానం ముహ్తమిమ్‌ను బంధిస్తుందా లేక అది సలహా మాత్రమేనా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. చివరికి 1982లో దారుల్ ఉలూమ్ వక్ఫ్ పేరుతో వేరొక విద్యాలయం ఏర్పడింది. ఎవరిది న్యాయమో తేల్చే అర్హత మాకు లేదు. ఇరువైపులా మా పెద్దలే ఉన్నారు. ఒకటి మాత్రం గమనించాము. ఆ ఎనిమిది సూత్రాల్లో నిర్వాహకుల గురించి ఉంది, ఉపాధ్యాయుల మధ్య సఖ్యత గురించి ఉంది, చందాదారుల గురించి ఉంది. విద్యార్థుల ప్రస్తావన వారి భోజనం ఏర్పాటు దగ్గర వస్తుంది. వారి మాట వినడం గురించి రాయలేదు. బహుశా ఆ కాలంలో ఉస్తాదూ శిష్యుడూ ఒకే చాప మీద కూర్చునేవారు గనుక రాయవలసిన అవసరం కనిపించి ఉండదు. మన మద్రసాలలో ఇప్పుడు ఆఫీసు గదికి తలుపు ఉంది, తలుపు బయట చెప్పులు విడిచి నిలబడే పిల్లవాడు ఉన్నాడు.

శిష్యుడు నోరు మెదపకూడదా?

ఇక్కడ చాలామంది ఉలమాలు ఒక అభ్యంతరం చెబుతారు. ‘ఇల్ము అదబ్‌తో వస్తుంది. శిష్యుడు ఉస్తాద్ ముందు నోరు విప్పకూడదు. హజ్రత్ మూసా (అలై), ఖిజ్ర్ (అలై)ల వృత్తాంతం చదవలేదా?’ అంటారు. ఇది తేలికగా తీసిపారేసే మాట కాదు. అదబ్ లేని చోట ఇల్ము నిలవదని మేమూ నమ్ముతాము. కాని సూరె కహఫ్‌లోని ఆ వృత్తాంతాన్ని మరొక్కసారి నెమ్మదిగా చదవండి.

మూసా (అలై) శిష్యుడిగా వెంట వస్తానని అనుమతి అడిగారు. ఖిజ్ర్ (అలై) ముందే షరతు చెప్పారు, తాను స్వయంగా చెప్పేవరకు ఏదీ అడగకూడదని. శిష్యుడు ఒప్పుకున్నాకే ప్రయాణం మొదలైంది. అంటే నియమం ముందుగా తెలియజేయబడింది, చేరిన తర్వాత మధ్యలో పుట్టించినది కాదు. పేదల పడవకు రంధ్రం చేసినప్పుడు మూసా (అలై) ఆగలేకపోయారు, అడిగేశారు. ఉస్తాద్ షరతు గుర్తు చేశారు, వెళ్లగొట్టలేదు. బాలుడి విషయంలో ఇంకా గట్టిగా అడిగారు. మళ్లీ గుర్తు చేశారు. ఇంకొకసారి అడిగితే తనను వెంట ఉంచుకోవద్దని గడువు పెట్టుకున్నది శిష్యుడే. మూడోసారి గోడ దగ్గర వేరుపడవలసి వచ్చింది. అప్పుడు ఖిజ్ర్ (అలై) ఏం చేశారు? విడిపోయే ముందు కూర్చోబెట్టి, మూడు పనులకూ మూడు కారణాలు ఒక్కొక్కటిగా వివరించారు. ఇవేవీ తన ఇష్టం కొద్దీ చేయలేదని కూడా చెప్పారు.

మన మద్రసాలలో ఎవరినైనా పంపించేటప్పుడు ఇలా వివరించి పంపుతున్నామా? మా మిత్రుడికి ఆ రాత్రి ఎవరూ ఏ వివరణా ఇవ్వలేదు. పైగా ఖిజ్ర్ (అలై)కి ఆ జ్ఞానం అల్లాహ్ తన సన్నిధి నుండి ప్రసాదించినది. పప్పులో పురుగు ఎందుకుందో తెలియడానికి మన నాజిమ్‌లకు అలాంటి జ్ఞానమేదీ దిగిరాలేదు.

ఉస్తాద్‌ల ఉస్తాద్ అయిన దైవప్రవక్త (సఅసం) తీరు చూడండి. సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. ఒక సభలో ఆయనకు పానీయం తెచ్చారు. ఆయన తాగారు. కుడివైపు ఒక బాలుడు, ఎడమవైపు పెద్దలు కూర్చుని ఉన్నారు. నియమం ప్రకారం తర్వాతి వంతు కుడివైపు వారిది. పెద్దలకు ముందు ఇవ్వనా అని ఆయన ఆ బాలుడిని అనుమతి అడిగారు. బాలుడు ఒప్పుకోలేదు. మీ నుండి దక్కే నా భాగాన్ని ఎవరికీ వదులుకోనన్నాడు. ఆయన గిన్నెను ఆ బాలుడి చేతిలోనే పెట్టారు. అడిగినది ఎవరు, అడగబడినది ఎవరు! అక్కడ ఆ బాలుడికి పదవి లేదు, వయసు లేదు. ఒక వంతు ఉంది, అంతే. ఆ వంతు అతనిది గనుక అతడిని అడగవలసి వచ్చింది. అడగడమంటే వద్దు అనే జవాబును కూడా స్వీకరించడం. ముందే నిర్ణయించుకుని తర్వాత పిల్లలను వరుసగా నిలబెట్టి ‘అందరికీ సమ్మతమేనా?’ అనడం అడగడం కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) తన సంప్రదింపుల సభలో బద్ర్ యోధులైన వృద్ధుల సరసన యువకుడైన ఇబ్నె అబ్బాస్ (రజి)ను కూర్చోబెట్టేవారు. మాకూ అతని ఈడు కొడుకులున్నారని కొందరు అన్నా ఆయన మానలేదు. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) విషయం కూడా ప్రసిద్ధమే. ఆకులు రాలని ఆ చెట్టేదో చెప్పమని దైవప్రవక్త (సఅసం) అడిగినప్పుడు, ఖర్జూరపు చెట్టని తెలిసి కూడా పెద్దల ముందు సిగ్గుపడి చెప్పలేదు. తర్వాత తండ్రికి చెబితే, ఆయన మెచ్చుకోలేదు. నువ్వు అప్పుడే చెప్పి ఉంటే నాకెంతో ఇష్టంగా ఉండేదని బాధపడ్డారు. మన ఇళ్లలో ఎందరు తండ్రులు ఇలా అంటారు?

మన హనఫీ ఫిఖ్‌హ్ కూడా ఈ పునాది మీదే నిలిచి ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) సభలో ప్రతి సమస్యా శిష్యులతో చర్చకు వచ్చేది. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) ఉస్తాద్‌తో ఎన్నో విషయాల్లో విభేదించారు. ఆ విభేదాలు నేటికీ ఖుదూరీలో, హిదాయాలో పాఠంగా చెప్పుకుంటున్నాం. పంటను పాలికి ఇవ్వడం (ముజారఅత్) ఇమామ్ గారి దృష్టిలో సరైనది కాదు. ఇద్దరు శిష్యులు సరైనదే అన్నారు. ఫత్వా శిష్యుల మాట మీద ఉంది. మన రైతు సోదరులు పాలికిచ్చే ప్రతి పొలం ఆ శిష్యుల మాట మీద నడుస్తోంది. ఈ పాఠం ఉదయం చెప్పి, మధ్యాహ్నం పప్పు గురించి అడిగిన పిల్లవాడిని బస్సెక్కించడం ఏ విధంగా పొసుగుతుంది?

అలాగని విద్యార్థులు సమ్మె చేయాలని మేము అనడం లేదు. 1914లో లక్నోలోని నద్వా విద్యార్థులు సమ్మె చేశారు. అల్లామా షిబ్లీ నోమానీ (రహ్మలై) అంతకుముందు ఏడాదే అక్కడి బాధ్యతల నుండి తప్పుకున్నారు. విద్యార్థులకు ఆయనంటే ప్రాణం. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ తన ‘అల్ హిలాల్’ పత్రికలో విద్యార్థుల పక్షాన రాశారు. మా అభిప్రాయంలో సమ్మె అనేది వ్యాధి కాదు, వ్యాధి ముదిరిన గుర్తు. చెప్పుకోవడానికి మరో తలుపు ఉన్నచోట పిల్లలు పాఠం మానుకోరు. తలుపు మూసినవారి తప్పు లెక్కలోకి రాకుండా తలుపు తన్నినవారి తప్పు మాత్రమే లెక్కించడం న్యాయం కాదు.

ఉపాధ్యాయుల విషయంలో జామియా మిల్లియా ఉదాహరణ ఎప్పుడూ మాకు ఆశ కలిగిస్తుంది. 1920లో అలీగఢ్‌లో అది పుట్టడంలో ఉపాధ్యాయులతోపాటు విద్యార్థుల చేయి కూడా ఉంది. మన హైదరాబాద్‌లో 1897లో జన్మించిన డా. జాకిర్ హుసేన్ వారిలో ఒకరు. 1928లో డబ్బు కరువై మూసేసే పరిస్థితి వచ్చినప్పుడు ఉపాధ్యాయులే ఒక సంఘంగా ఏర్పడి, 20 ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా సేవ చేస్తామని ప్రతిజ్ఞ పూని, ఆ భారాన్ని భుజాన వేసుకున్నారు. మాట కావాలనుకున్నవారు మోత కూడా మోశారు. మా ఉస్తాద్ మిత్రులు కొందరు ‘కితాబు లెక్క మాది’ అంటారు గాని, పొయ్యి ఎలా వెలుగుతుందో ఒక్కరోజైనా సదర్ సాబ్‌ను అడగరు. ఆ జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలు తమ దుకాణం, తమ బ్యాంకు, తమ ‘హుకూమత్’ తామే నడుపుకునేవారు. లెక్క తప్పితే పిల్లలే సరిచేసుకునేవారు.

దెబ్బల గురించి ఎక్కువ చెప్పదలచుకోలేదు. ముఆవియా బిన్ హకమ్ (రజి) నమాజులో తెలియక మాట్లాడితే దైవప్రవక్త (సఅసం) కసురుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు. అంతటి మంచి బోధకుడిని మరెక్కడా చూడలేదని ఆయనే సాక్ష్యమిచ్చారు (ముస్లిం). కఠినంగా పెంచిన పిల్లలు అబద్ధానికీ, కపటానికీ అలవాటు పడతారని ఇబ్నె ఖల్దూన్ ఆరు శతాబ్దాల క్రితమే రాశారు. నాజిమ్ సాబ్ ముందు మేము చెప్పిన అబద్ధం గుర్తొచ్చినప్పుడల్లా ఆయన మాట మాకు కొత్తగా అనిపించదు. 2009 విద్యా హక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతులకు తగ్గకుండా, అంటే నాలుగింట మూడు వంతులు, తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలనీ చెప్పింది. 2012 సవరణతో మద్రసాలు ఆ చట్టం పరిధి నుండి బయటపడ్డాయి. మనలో కొందరు దానికి సంతోషించారు. మినహాయింపు ప్రభుత్వ తనిఖీ నుండి దొరికింది, ప్రళయదినపు ప్రశ్న నుండి దొరకలేదు. మన కమిటీల్లో ఒక్క తల్లి అయినా ఎందుకు లేదో మేము చాలామందిని అడిగాము. నవ్వారు తప్ప జవాబు చెప్పలేదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. పిల్లవాడిని చేర్పించేటప్పుడు ‘మాంసం మీది, ఎముకలు మావి’ అని ఉస్తాద్‌తో అనే అలవాటు మన పెద్దలది. ప్రేమతో, నమ్మకంతో అన్న మాటే అది. కాని ఆ బిడ్డ మాంసమూ మీది కాదు, ఎముకలూ మీవి కావు. అల్లాహ్‌వి. మీది కాని దాన్ని మీరెలా రాసిచ్చేస్తారు? నెలకు ఒకసారి వచ్చినప్పుడు ఫీజు, పండ్లు ఇచ్చి వెళ్లిపోకుండా, బిడ్డను పక్కకు పిలిచి ఏం తింటున్నావు, ఎక్కడ పడుకుంటున్నావు, ఎవరితోనైనా భయంగా ఉందా అని అడగండి. అతడు చెప్పింది నమ్మకపోయినా ఫరవాలేదు, విచారించండి.

ఇక ఆ మద్రసా సంగతి. ఫజ్ర్ తర్వాత మళ్లీ కూర్చున్నాం. పిల్లల్లో ఇద్దరినైనా పిలిపించమని మేము కోరాము. ఉస్తాద్ ఇబ్బందిగా చూశారు. పిల్లలు తనకు వ్యతిరేకంగా చెబుతారేమోనని ఆయన భయం, తమకు వ్యతిరేకంగా చెబుతారని సదర్ సాబ్ భయం. పదహారేళ్ల కుర్రవాడు ఒకడు, వాడికంటే చిన్నవాడు ఒకడు వచ్చి తలవంచుకుని కూర్చున్నారు. “బేటా! ఇక్కడ చెప్పిన మాటకు శిక్ష లేదు. సదర్ సాబ్ నా ముందు మాట ఇచ్చారు” అన్నాము. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దవాడు మెల్లగా అన్నాడు, “హజ్రత్! తోళ్లకు వెళ్తాం. మేం తినేది దాంతోనే కదా. కాని పండుగ మూడు రోజులే వెళ్తాం, ముందూ వెనుకా వద్దు. తిరిగొచ్చాక ఒక రోజు నిద్రపోనివ్వండి. ఉస్తాద్ గారు కితాబు పూర్తయ్యేదాకా ఉండాలి.”

చిన్నవాడు ఏమీ అనలేదు. నువ్వేమైనా చెబుతావా అని అడిగితే, తోళ్ల సంచి మోసేటప్పుడు రక్తం కారి బట్టలు పాడవుతున్నాయనీ, వేరే జత ఇస్తే బాగుంటుందనీ అన్నాడు. ఉస్తాద్ తల వంచుకున్నారు. సదర్ సాబ్ కాసేపు కిటికీ వైపు చూసి, పక్కనున్న గుమాస్తాతో, “రిజిస్టర్ తీసుకురా, ఈ పిల్లలు చెప్పింది చెప్పినట్టే రాయి” అన్నారు.